అడుగు కనబడే నీళ్లు

సుగుణత్త నాన్న కాలి కట్టు విప్పుతోంది. నేను గోరువెచ్చటి నీళ్ల గిన్నె పట్టుకుని పక్కన కూర్చున్నాను. అండమాన్ దీవుల నుంచి తిరిగి వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో పొద్దున్నే జరిగే మొదటి పని ఇది. వాకిలి ఊడవడం, పాలు కాయడం అన్నీ దీని తరవాతే.

"కదలకన్నయ్యా."

"నేను కదల్లేదే. కాలే కదిలింది."

"కాలు నీది కాదేంటి?"

నాన్న పళ్లు బిగబట్టి వీధి గుమ్మం వైపు చూశారు. సుగుణత్త నాన్నకు ఒక్కగానొక్క చెల్లెలు. ఎగువన, పి.గన్నవరం వైపు ఆసుపత్రిలో నర్సు. మా ఊళ్లో సగం మంది పిల్లలకు మొదటి సూది ఆవిడ చేతిదే. కువైట్‌లో ఏళ్ల తరబడి పెద్ద పెద్ద లారీలు తోలిన మా నాన్న, రోజూ ఈ వేళకు ఆవిడ ముందు సూదికి భయపడే పిల్లాడైపోతారు.

అత్త ఆఖరి పొర నీళ్లతో తడిపి మెల్లగా తీసింది. మడమ నుంచి చీలమండ దాకా పగడపు దిబ్బ గీసిన గీతలు. కొన్ని మానాయి, ఒకటి మాత్రం ఇంకా ఎర్రగా ఉంది.

"ఇది మామూలు దెబ్బ కాదు బిందూ," అంది నాతో. "పైకి మూసుకున్నట్టే ఉంటాది. లోపల ఇసక రేణువంత ముక్క ఉండిపోయిందనుకో, మళ్లీ చీము పడతాది. అది బయటికి రావాలి. వచ్చేకే మానుద్ది."

నాన్న కళ్లు దించుకున్నారు.

కొత్త కట్టు కట్టి ముడి వేశాక అత్త పెరట్లో తీగ మీద ఆరుతున్న తువ్వాలు వైపు చూసింది. ఎర్ర గళ్ల పాత తువ్వాలు. దీవిలో నాన్న కాలికి రక్తం ఆగడానికి మొదట కట్టింది దానితోనే. అమ్మ పారేద్దామంటే అత్త ఒప్పుకోలేదు. మరక పోయేదాకా నానబెట్టి ఉతికింది. నిన్న మళ్లీ ఉతికింది.

"ఎవరో గాని పాపం, తలకి చుట్టుకున్నది విప్పి కట్టేడు. తిరిగి పంపించాలన్నయ్యా. ఆ బోటాయన అడ్రస్ జీవన్ దగ్గరుందేమో అడుగు."

"చూద్దాంలే."

"చూద్దాంలే ఏంటి? దాని అంచు చూసేవా? అచ్చం మన బండార్లంక నేతలా ఉంది. అంత దూరం ఎలా వెళ్లిందో!"

నా చేతిలో గిన్నె తొణికి నీళ్లు నా ఒళ్లో పడ్డాయి. 

ఆ తువ్వాలు ఎవరిదో ఈ ఇంట్లో మా ముగ్గురికి తెలుసు. నాన్నకు, అమ్మకు, నాకు. తెలియనిది అత్తకే.

కొత్తగా చదువుతున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. నాన్న కువైట్ నుంచి పూర్తిగా వచ్చేశారన్న సంతోషంలో, విశాఖపట్నంలో ఉద్యోగం చేసే మా అన్నయ్య జీవన్ మమ్మల్ని అండమాన్ దీవులకు తీసుకెళ్లాడు. అత్త మాత్రం సెలవు పెట్టలేదు. "నేనొస్తే ఇక్కడ కాన్పులెవరు చేస్తారు? మీరు వెళ్లి చూసి రండి, నాకు చెబుదురు గాని," అంది. మేం పోర్ట్ బ్లెయిర్‌లో దిగి, ఒక దీవి నుంచి ఇంకో దీవికి ఓడ మారుతూ, చివరికి నీల్ అనే చిన్న దీవికి చేరాం. అక్కడ పడవ మాట్లాడుకున్నాం. పడవ నడిపే సరంగు ముఖానికి ఎర్ర గళ్ల తువ్వాలు చుట్టుకుని, కళ్లు మాత్రమే కనబడేలా ఉన్నాడు. పొద్దున్నుంచీ మాతో హిందీలోనే రెండేసి మాటలు మాట్లాడాడు.

పడవ పగడపు దిబ్బ అంచున ఆగింది. నా చెప్పు జారి నీళ్లలో పడింది. నాన్న వంగి చూశారు. అడుగున తెల్లటి ఇసక, దాని మీద నల్లటి పురుగుల్లాంటివి, వాటి నీడలు కూడా కనబడుతున్నాయి. అడుగు కనబడితే మోకాలి లోతని మా లంకలో నడక నేర్చిన ప్రతి పిల్లవాడికీ పెద్దవాళ్లు చెప్పే మాట. గోదావరి నీళ్లకు అది నూటికి నూరుపాళ్లు నిజం. బురద రంగు నీళ్లలో అడుగు కనబడిందంటే నిశ్చింతగా నడిచి దాటొచ్చు. నాన్న అరవై దగ్గర పడుతున్నా ఆ మాట మరిచిపోలేదు. "ఇంత దానికి ఈదేదేముందే, మోకాళ్ల లోతు," అంటూ, ఉక్కగా ఉందని లైఫ్ జాకెట్టు విప్పేసి, ప్యాంటు మడిచి, పడవ దిగి నడవబోయారు.

ఆ నీళ్లు కొబ్బరిచెట్టు మునిగేటంత లోతు.

నాన్నకు ఈత వచ్చు. కాని నడుద్దామని దిగిన మనిషికి ఈత గుర్తురాలేదు. ఉప్పునీళ్లు మింగి, కాళ్లు కొట్టుకుని, దిబ్బ పళ్ల మధ్య పాదం ఇరికించుకున్నారు. అప్పుడు, పొద్దున్నుంచీ హిందీలో మాట్లాడిన ఆ సరంగు మా కోనసీమ తెలుగులో కేకవేసి దూకాడు. "జీవరత్నంగారండీ! కాళ్లాడించకండి! నన్నట్టుకోండి!"

పడవలోకి చేర్చి, ముఖం మీది తువ్వాలు విప్పి నాన్న పాదానికి కట్టినప్పుడు చూశాను. ఓడలరేవు ధర్మరాజు.

పదేళ్ల పైమాట. అత్త అప్పుడు ఓడలరేవులో పనిచేసేది. ధర్మరాజు వాళ్లది అక్కడ సముద్రం మీద చేపల వేటకెళ్లే కుటుంబం. ఇద్దరూ ఇష్టపడ్డారు. దొంగచాటు వ్యవహారం కాదు. నాన్న సెలవు మీద వచ్చారని తెలిసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, మా అరుగు మీద నిలబడి అడిగాడు. నేను అప్పుడు స్కూలు పిల్లని, తలుపు పక్కనుంచి చూశాను. వాళ్ల దేవుడు వేరు, మన దేవుడు వేరు, వేటకెళ్లేవాడు పొద్దున్న వెళ్తే సాయంత్రం వస్తాడని ఏంటి నమ్మకం అన్నారు నాన్న. "ఇంకెప్పుడూ మా గుమ్మం ఎక్కొద్దు," అన్నారు. "ఆయ్, అలాగేనండి," అని చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. తరవాత ఆయన సంగతి మాకెవరికీ తెలియలేదు. అత్త ఏడవలేదు, అరవలేదు. ఆ తరవాత వచ్చిన సంబంధాలన్నిటికీ "వద్దు వదినా" అని మాత్రం అంది. జీవన్ అన్నయ్య అప్పుడు హాస్టల్లో ఉన్నాడు కాబట్టి ఆయన ముఖం ఎరగడు. దిబ్బ దగ్గర ఆ కేక వేసిన వేళ దూరంగా నీళ్లలో తల ముంచి చేపలు చూస్తున్నాడు, పేరు పెట్టి పిలవడమూ వినలేదు. అన్నయ్య దృష్టిలో ఆయన, నాన్నను కాపాడిన ఎవరో తెలుగాయన.

ఇదీ ఇక్కడి దాకా జరిగింది. ఈ సాయంత్రం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక.

ఎవరైనా పెద్ద జబ్బు నుంచి లేచినా, గండం గడిచినా, దూర ప్రయాణం నుంచి క్షేమంగా వచ్చినా మా పేటలో కూడిక పెట్టుకుంటాం. సంఘ కాపరిని, అంటే మా అయ్యగారిని పిలుస్తాం. చుట్టుపక్కల ఏ మతం వాళ్లనైనా పిలుస్తాం. గండం గడిచిన మనిషి లేచి నిలబడి, జరిగింది జరిగినట్టు చెప్పి, దేవునికి, సాయం చేసిన మనుషులకు కృతజ్ఞత చెప్పాలి. దాన్నే సాక్ష్యం అంటాం.

మధ్యాహ్నం అత్త, నేను వంటింట్లో పులిహోరకు అన్నం ఆరబోస్తున్నాం. అత్త సగం పూట సెలవు పెట్టింది.

"చెప్పవే ఆ నీళ్ల సంగతి," అంది. వచ్చిన దగ్గర్నుంచీ రోజుకోసారి అడుగుతుంది. నేను మాటకారిని కాను. అయినా అత్తకు చెబుతుంటే మాటలు వస్తాయి.

కళ్లద్దాల లాంటిది ముఖానికి బిగించి, నోట్లో గొట్టం పెట్టుకుని, తల నీళ్లలో ముంచితే ఎలా ఉందో చెప్పాను. పైన అలల చప్పుడంతా తలుపు వేసినట్టు ఆగిపోతుంది. లోపల ఒక ఊరు. జింక కొమ్ముల్లాంటి దిబ్బలు, కాలీఫ్లవరు పువ్వుల్లాంటి దిబ్బలు. రామచిలక రంగుల చేపలు వాటిని ముక్కుతో కొరుకుతుంటే, వేయించిన పల్లీలు నమిలినట్టు ఆ చప్పుడు మనకు వినబడుతుంది. వేళ్లలా ఊగుతున్న కుచ్చుల్లో కాపురముండే నారింజ రంగు చేప ఒకటి, అరచేతిలో సగం లేదు, నా ముఖం మీదికి దెబ్బలాటకు వచ్చింది.

"మా సత్యదుర్గలాగ," అంది అత్త. సత్యదుర్గ గారు మా పక్కింటావిడ. ఇద్దరం నవ్వుకున్నాం.

"అలాంటివి చేసిన దేవుడు గొప్పవాడే," అంది మళ్లీ. "నువ్వు చూసేవు, నాకది చాలు. ఫొటోలు ఇంకోసారి చూపించు."

ఫోన్ ఇచ్చాను. చేతి తడి చీరకు తుడుచుకుని ఒక్కొక్కటీ జరుపుతోంది. తెల్లటి ఇసక. సముద్రం కోసి చేసిన రాతి తోరణం. పాటుకు నీళ్లు వెనక్కి తీస్తే బయటపడ్డ దిబ్బల మధ్య అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని నడుస్తున్నది. దాని తరవాత ఒక చిన్న ఇల్లు. రేకుల కప్పు, కొబ్బరి మట్టల దడి, దడి మీద పాకిన బీర పాదు, ఊడ్చిన ఇసక వాకిలి.

"ఇదెవరిల్లే?"

"బోటాయనది. నాన్నకి దెబ్బ తగిలేక తీసుకెళ్లి అన్నం పెట్టేడు. చేపల పులుసు."

"మన పులుసేనా?"

"ఆ. మామిడికాయ వేసేడు."

అత్త ఆ ఫొటోను వేళ్లతో పెద్దది చేసి చూసింది. ఇంటి పక్క తీగ మీద రెండు చొక్కాలు, ఒక లుంగీ ఆరేసి ఉన్నాయి.

"తీగ మీద ఆడవాళ్ల గుడ్డ ఒక్కటీ లేదేంటే," అంది.

నేను గరిటెతో అన్నం సర్దాను. "ఒక్కడే ఉంటాడంట. అమ్మ ఉందంట గాని ఇక్కడ... ఓడ ఎక్కనందంట." ఇక్కడ అన్న మాట నోరు జారి వచ్చేసింది.

అత్త తల ఎత్తి నా వైపు చూసింది.  ఫోన్ నా చేతిలో పెట్టి, ఆరబోసిన అన్నంలో పసుపు నూనె కలపడం మొదలుపెట్టింది.

నేను మంచినీళ్ల వంకతో బయటికి వచ్చేశాను. వెనక వరండాలో అమ్మ, నాన్న గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారు.

"పేరు చెప్పి తీరాలండి," అంటోంది అమ్మ. అమ్మ నాన్న మాటకు ఎదురు చెప్పడం నేను పెద్దగా వినలేదు. "ఊపిరి నిలబెట్టిన మనిషిని ఎవరో ఏదో అని సాక్ష్యం చెప్తారా? దేవుడొప్పుకుంటాడా?"

"విజయా, ఇన్నేళ్లకి దాని మనసు కుదుటపడి ఉంటాది. ఇప్పుడు ఆ పేరెత్తితే..."

"కుదుటపడిందని ఎవరు చెప్పేరు మీకు?"

నాన్న కాలి కట్టు అంచు సర్దుకున్నారు. "పడవలో అడిగేడు కదే నన్ను," అన్నారు. "నేను ఉప్పునీళ్లు కక్కుతుంటే వీపు నిమురుతూ అడిగేడు. 'సుగుణగారు బాగున్నారా అండి' అని. ఒక్క ముక్క. నా నోట మాట రాలేదు."

"నేను తలూపేను కదండీ."

"నువ్వు ఊపేవు. నేను ఊపలేదు. ఓసారి ఊరు రావయ్యా అంటే, 'ఆ గుమ్మం ఎక్కొద్దన్నారు కదండి' అన్నాడు. కోపంగా అనలేదే. మామూలుగా, ఇవాళ గాలెక్కువగా ఉందండి అన్నట్టు అన్నాడు. అదే నన్ను కోసేస్తంది."

నేను చెంబు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఎండ వాలేసరికి మనుషులు వచ్చారు. చర్చి నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వాకిట్లో వేశాం, ముందు చాపలు పరిచాం. కృపారావు అయ్యగారు వచ్చి నాన్న కాలు చూసి "వందనాలు జీవరత్నంగారు, నడిపించిన దేవునికి స్తోత్రం" అన్నారు. సత్యదుర్గ గారు పెరటి దారిన పాలగిన్నెతో వచ్చి ముందు వరస కుర్చీలో కూర్చుంది. ఆవిడ రోజూ గుడికి వెళ్తుంది, మా ఇంట్లో ఏ కూడికా మానదు.

పాట అయింది, కీర్తన చదివారు. నాన్న కర్ర పట్టుకుని లేచి నిలబడ్డారు.

నాన్న మంచి మాటకారి. మొదలుపెట్టడమే నవ్వించారు. "ముందుగా ఒక మాట అండి. అక్కడ దీవి నిండా కొబ్బరిచెట్లే. బొండాలు తాగేం. మన బొండం ముందు అవెంతండి! ఏదో ఉప్పు తగిలిన నీళ్లు."

"అంతదూరం వెళ్లి బొండాలు తాగొచ్చేరా జీవరత్నంగారు!" అంది సత్యదుర్గ గారు. "మా దొడ్లో నాలుగు దింపిచ్చేదాన్ని కదండీ!"

"చెప్పనివ్వమ్మా. ఓడ ఎక్కేం. అడుగున అద్దాలున్న పడవ కూడా ఎక్కేం. కాళ్ల కింద సముద్రం అండి. పెద్ద తాబేలు ఒకటి మా కింద నుంచి వెళ్తుంటే మా విజయకుమారి కాళ్లు పైకి పెట్టేసుకుంది, కరుస్తాదని."

"మీరు పెట్టుకోలేదేంటి?" అంది అమ్మ. వాకిలంతా నవ్వింది.

తరవాత నాన్న గొంతు మారింది. అడుగు కనబడితే మోకాలి లోతన్న మాట చెప్పారు. పెద్దవాళ్లందరూ తలలూపారు. వాళ్లూ అదే నమ్మి బతికినవాళ్లు.

"మన నీళ్లలో అది సత్యం అండి. ఆ నీళ్లలో కాదు. అంత శుభ్రంగా ఉంటే ఎంత లోతో తెలీదు. నేను నేలనుకుని కాలు పెట్టేను. నేల లేదు. ఇంకా లేదు. ఇంకా లేదు." నాన్న కర్ర మార్చి పట్టుకున్నారు. "ఆ వేళ నేను ప్రార్థన కూడా చెయ్యలేదు అయ్యగారు. నోట్లో నీళ్లు. పిల్లది పైనుంచి నాన్నా అని అరుస్తంది, అదొక్కటే వినబడింది. అప్పుడు దేవుడు ఒక మనిషిని పంపించేడు. ఆ మనిషి నా చెయ్యి పట్టుకున్నాడు. ఇవాళ మీ అందరి ముందు నిలబడ్డానంటే అదే. దేవునికి స్తోత్రం."

"ఆమేన్," అన్నారు అందరూ.

నాన్న కూర్చున్నారు. అమ్మ నేలకేసి చూస్తోంది. అయ్యగారు ప్రార్థనకు లేవబోయారు.

"అన్నయ్యా."

అత్త వంటింటి గుమ్మంలో టీ కప్పుల పళ్లెంతో నిలబడి ఉంది.

"ఆ మనిషి పేరు చెప్పలేదు."

మా అత్త ప్రార్థన గురించి చెప్పకపోతే ఈ మాట అర్థం కాదు. రోజూ పొద్దువాలాక మంచం పక్కన మోకరించి పేర్లు చెబుతుంది. ఆ వారం పుట్టిన పిల్లలు, జ్వరంతో ఉన్న ముసలివాళ్లు, గల్ఫులో ఉన్నవాళ్లు, అందరివీ నోటికే. సత్యదుర్గ గారి గేదె ఈనలేక అవస్థపడినప్పుడు దాని పేరు కూడా చెప్పింది. పేర్లన్నీ అయ్యాక, ఆమేన్ అనే ముందు, అత్త ఒక్క క్షణం ఆగుతుంది. ఊపిరి పీల్చుకుని వదిలేంత సేపు. చిన్నప్పటి నుంచీ పక్క మంచం మీద పడుకుని వింటున్నదాన్ని. ఆ ఆగిన చోట ఒక పేరు ఉందని నాకు ఎప్పుడో తెలిసింది.

"బోటాయనమ్మా," అన్నారు నాన్న.

"సముద్రంలో ఎన్ని బోట్లున్నాయి, దేవుడికి ఏ బోటాయనని చెప్పను? పేరు చెప్తే ఈ పూట నుంచి ప్రార్థనలో పెట్టుకుంటాను. నా అన్నని బతికించేడు కదా."

"అవునండి, చెప్పండి," అంది సత్యదుర్గ గారు. "మా గేదె పేరే మరిచిపోలేదు ఈవిడ, మనిషి పేరు మరిచిపోద్దా!"

మళ్లీ నవ్వారు. అత్త నవ్వలేదు. పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది. తెలియక అడుగుతోందో, తెలిసే అడుగుతోందో ఆమె ముఖంలో నాకు కనబడలేదు. ఇప్పటికీ చెప్పలేను.

"మంచి మాట అడిగింది అమ్మాయి," అన్నారు అయ్యగారు. "చెప్పండి జీవరత్నంగారు. సాక్ష్యంలో పేరుంటే నిండుగా ఉంటాది."

నాన్న అమ్మ వైపు చూశారు. నా వైపు చూశారు. మళ్లీ లేచారు. కర్ర కుర్చీకి ఆనించి ఉంది, అందుకోలేదు. కట్టు ఉన్న కాలు నేల మీద ఆనించి, దాని మీదే బరువు వేసి నిలబడ్డారు.

"ధర్మరాజు," అన్నారు. "మన ఓడలరేవు ధర్మరాజు."

పెద్దవాళ్లకు ఆ సంగతి తెలుసు. వాకిట్లో నవ్వు తీసేసినట్టు ఆగిపోయింది. సత్యదుర్గ గారి చెయ్యి నోటి మీదికి వెళ్లింది.

"పొద్దుట పడవెక్కినప్పుడే నన్ను గుర్తుపట్టేడు," అన్నారు నాన్న. ఆయన అత్తను చూడటం లేదు, అరుగును చూస్తున్నారు. "ముఖానికి గుడ్డ చుట్టుకుని, మన భాష తెలీనట్టు హిందీలో మాట్లాడేడు. ఎందుకని తరవాత అడిగేను. 'మీరు పిల్లలతో సంతోషంగా వచ్చేరు, నన్ను చూస్తే మీ సరదా పాడవుద్దనండి' అన్నాడు. ఈ అరుగు మీద నిలబెట్టి నేను గుమ్మం ఎక్కొద్దన్న మనిషి అండి. నన్ను వాళ్ల గుమ్మం ఎక్కించుకుని, పీట వేసి, అన్నం పెట్టేడు."

 ఏటి మీద నుంచి గాలి వచ్చి చాప అంచు లేపింది.

"అతను నన్నొకటి అడిగేడు. సుగుణగారు బాగున్నారా అండి అని. నేను జవాబు చెప్పకుండా వచ్చేను. ఆ జవాబు నాది కాదని ఇప్పుడు తెలుస్తంది. ఈ గుమ్మంలో అన్న మాట ఈ గుమ్మంలోనే, మీ అందరి ముందు వెనక్కి తీసుకుంటన్నాను." నాన్న రెండు చేతులూ జోడించారు. "నన్ను పైకి లాగినందుకు దేవునికి కృతజ్ఞతలు. ధర్మరాజుకి కృతజ్ఞతలు. ఇంతేనండి నా సాక్ష్యం."

ఈసారి ఆమేన్ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. తరవాత సత్యదుర్గ గారు ఒక్కతే, అలవాటు లేని ఆ మాట మెల్లగా అంది.

నేను అత్తను చూస్తున్నాను. పళ్లెంలో కప్పులు చప్పుడు చెయ్యలేదు. మెట్టు దిగి వచ్చి మొదటి కప్పు అయ్యగారికి ఇచ్చింది. రెండోది సత్యదుర్గ గారికి. వరసగా అందరికీ ఇచ్చుకుంటూ వచ్చి నాన్న ముందు ఆగింది. నాన్న తల దించుకునే ఉన్నారు. కప్పు ఆయన చేతిలో పెట్టి, కర్ర తీసి రెండో చేతికి అందించింది.  అత్త వేళ్లు ఆయన వేళ్లను ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలాయి. నాన్న కళ్ల నుంచి నీళ్లు టీ కప్పులో పడ్డాయి.

"ప్రార్థన చేసుకుందాం," అన్నారు అయ్యగారు.

అందరూ కళ్లు మూసుకున్నారు. నాకు ప్రార్థనలో కళ్లు మూయడం ఎప్పుడూ సరిగా రాదు. అయ్యగారు నాన్న పేరు చెప్పారు. అమ్మ పేరు, జీవన్ పేరు, నా పేరు చెప్పారు. తరవాత, "ప్రభువా, దీవిలో ఉన్న ధర్మరాజు గారిని జ్ఞాపకం చేసుకో," అన్నారు. మా ఇంట్లో ఆ పేరు ప్రార్థనలో పైకి వినబడటం అదే మొదటిసారి.

అత్త ఖాళీ పళ్లెం అరుగు మీద పెట్టింది. పెరట్లోకి వెళ్లింది. తీగ మీది ఎర్ర గళ్ల తువ్వాలు తీసి, అంచుకు అంచు కలిపి, ఇస్త్రీ చేసినట్టు నాలుగు మడతలు పెట్టింది. గుమ్మం పక్కన తగిలించి ఉన్న డ్యూటీ సంచిలో దాన్ని పెట్టుకుంది. చెప్పులు వేసుకుంది. కళ్లు మూసుకున్న మనుషుల పక్కనుంచి, చాప అంచు తొక్కకుండా జాగ్రత్తగా నడిచి వెళ్లింది. గేటు దగ్గర వెనక్కి తిరిగింది. నా కళ్లు తెరిచి ఉండటం చూసింది. 

మా గేటు ముందే ఏటిగట్టు. గట్టు మీదికి ఎక్కి అత్త నిలబడింది. రోజూ పేర్లన్నీ అయ్యాక ఆగినంత సేపే. ఎగువకు వెళ్తే ఆమె ఆసుపత్రి. దిగువకు, గోదావరి పాయ వైనతేయ వెంబడే సాగిపోతే ఓడలరేవు. కొడుకు ఉన్న దీవికి ఓడ ఎక్కనన్న ముసలావిడ, ధర్మరాజు వాళ్లమ్మ వీరాయమ్మ ఉండేది అక్కడే.

లోపల అయ్యగారు ఆమేన్ అన్నారు. నాన్న కళ్లు తెరిచి వంటింటి గుమ్మం వైపు చూశారు, తీగ వైపు చూశారు.

అత్త దిగువకు నడుస్తోంది.